ఖాళీ

గుణుపురంలో మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి
కూర్మేషు గుమ్మం దగ్గర నిలబడి
మెడలో అట్ట సరిచేసుకుంటాడు.
అచ్చు తప్పిన శుభలేఖల వెనకవైపు నేను గీసిన బొమ్మలు
చెప్పుల కొట్టు బిసోయి ఇచ్చిన వెల్క్రో పట్టీ మీద
పైనుంచి కిందకి:

దువ్వెన.
నీలం చొక్కా.
ఫొటో అంటించిన కాగితం.
రైలు గేటు.
తెరిచిన కొట్టు, గుమ్మంలో నమస్కారం పెడుతున్న రెండు చేతులు.
చివర్న అరటిపండు, ఎందుకంటే
ఏ పనికైనా చివర్న ఏదో ఒకటి ఉండాలి కదా.

అయిపోయిన బొమ్మని పీకి అడుగునున్న సంచిలో వేస్తాడు.
చిర్రుమనే ఆ చప్పుడంటే ఎంత ఇష్టమో,
ఎండు తాటాకు చీలినట్టుంటుంది.

బొమ్మల కింద అక్షరాలు రాయలేదు నేను.
ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా,
సంతలో సవర వాళ్లతో సగం సగం.
ఏ లిపిలో రాసినా చదవలేని ఇంకో ఇద్దరు
వాడినే చదవడం మొదలుపెడతారు.

మొదటి వారం మందుల కొట్టు.
రెండో వారం బేకరీ. మేం అడగకముందే
ట్రేలన్నీ సైజు ప్రకారం సర్దేశాడు.
"మంచి గుంటడే" అన్నాడు యజమాని
నాతో. వాడితో కాదు.
మూడో వారం ప్రెస్సు.
పాణిగ్రాహి కళ్లజోడు పైకెత్తకుండానే అన్నాడు:
"కాలి ఆసొ."

ఒడియాలో కాలి అంటే రేపు.
రేపు రమ్మంటే రావద్దని
నాకు తెలుసు, మీకు తెలుసు,
పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా
అప్పు అడిగిన ప్రతివాడికీ తెలుసు.
కూర్మేషుకి వినపడింది ఖాళీ.
"ఖాళీ ఉందట టీచర్" అన్నాడు దారంతా,
గేటు దగ్గర ప్యాసింజరు పెట్టెలు లెక్కపెడుతూ
మధ్యమధ్యలో కూడా.

ఆ రాత్రి 'లేదు' అన్న మాటకి బొమ్మ గీద్దామని కూచున్నాను.
మూసిన షట్టరు గీశాను.
"అది మధ్యాన్నం భోజనాలు" అన్నాడు పొద్దున్న.
ఎర్రసిరాతో ఇంటూ పెట్టాను.
"అది పరీక్షలో తప్పు. నేనేం తప్పు రాశాను?"
అడ్డంగా ఊగే చెయ్యి గీశాను.
"టాటా" అన్నాడు, తనూ ఊపాడు.

పద్నాలుగేళ్లుగా గీస్తున్నాను,
పళ్లు తోముకోవడం, వాన, కోపం,
అమ్మ ఆస్పత్రికి వెళ్లడం కూడా గీశాను.
ఇదొక్కటే చేతికి రాలేదు.
కొట్టుకీ అరటిపండుకీ మధ్య
తెల్ల అట్టముక్క అంటించి ఊరుకున్నాను.

రేపన్నారు కదా, వెళ్లాడు.
మళ్లీ కాలి ఆసొ. మళ్లీ వెళ్లాడు.
గురు, శుక్ర, శని, సరిగ్గా తొమ్మిదీ పదికి.
నీలం చొక్కా ఒకటే, వాళ్లమ్మ రాత్రిళ్లు ఉతికి
ఫ్యాను కింద ఆరేసేది.
నేను గుమ్మం బయటే నిలబడేదాన్ని, సిగ్గుగా,
అది ఎవరి తరఫు సిగ్గో తెలిసేది కాదు.

సోమవారం పాణిగ్రాహి కళ్లజోడు తీశాడు.
అట్టవైపు వేలు చూపించి,
"ఈ తెల్లది ఏటి?"
"ఖాళీ" అన్నాడు కూర్మేషు.

లోపల యంత్రం కొట్టుకుంటూనే ఉంది.
ఆయన కాసేపు మెడ గోక్కున్నాడు.
కాగితాల కట్టొకటి బల్ల మీదకి తోసి
"అంచులు కలిపి పెట్టు. ఇవాళకి" అన్నాడు.

ఇవాళకి.
రేపటి సంగతి నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు.
కూర్మేషు తెల్ల ముక్కని పీకాడు, చిర్రుమంది.
సంచిలో వెయ్యలేదు,
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
పదకొండింటికి అరటిపండు తీసి ఇవ్వబోయాను.
తల ఎత్తలేదు.
"పని అవలేదు కదా టీచర్."