ముప్పాతిక అంగుళం

అబాయా మీద వాలింది.
దారపు తుంట అనుకొని
వేలితో దులపబోయిన.
దారానికి కాళ్ళుండవు.

సోహార్ బజారు ఎనక సందుల రాత్రి పదకొండు.
ఏసీ నీళ్ళు బకెట్ల చుక్క చుక్క.
పొద్దుగూకంగనే అర్బాబ్ చెప్పిపోయిండు:
"పురుగు కనబడితే చంపు, బట్ట తింటది."

మెడల టేపున్నది గద, పక్కకు పెట్టి చూసిన.
రెక్కలు పరిస్తే ముప్పాతిక అంగుళం.
చాయ్‌పత్త రంగు బట్ట.
నడుమ అడ్డంగ తెల్లపట్టీ,
ముందు రెక్క మీద మొదలై ఎనక రెక్క మీదికి
గీత తప్పకుండ దాటింది.
భుజం కాడ నేను డిజైన్ కలపాలంటే
రెండుసార్లు ఇప్పి కుట్టాల్సొస్తది.
రెక్క కొసకు ఇంకో తెల్లముక్క, పొట్టిది,
కత్తిరించినంక మిగిలింది
పారెయ్య మనసొప్పక అతికినట్టు.
అంచుకు కుచ్చులు: ఒకటి తెలుపు, ఒకటి చాయ్‌పత్త, మళ్ళ తెలుపు.
సిరిసిల్లల కొంగుకుచ్చులు ముడేసే మా లచ్చవ్వ చిన్నమ్మకు
చెప్తే నమ్మదు.

మీసాలు ఎనకకు దువ్వి
ఈపు మీద పెట్టుకున్నది.
మిషిని ఆపితే కదల్లే,
నడిపితే కదల్లే.

ఇది బట్ట తినే జాతి కాదు.
నాకెట్ల ఎరుకంటే,
మేడ మీద మఫిజుల్ భాయ్ నూనెడబ్బాలల్ల తోటకూర పెడ్తడు.
పోయిన నెల ఆకులన్ని జల్లెడైతే
ఇద్దరం టార్చి పట్టుకొని దేవులాడినం.
ఆకును మడిచి, తన దారంతోని తనే కుట్టుకొని
లోపల పచ్చటి పురుగు.
"దర్జీ! నీ తమ్ముడే నా కూర తింటుండు"
అని పెద్దగ నవ్విండు మఫిజుల్.

అట్లంటే ఇది ఆ తోటకూరనే.
ఆరేసిన లుంగీల కింద పెరిగి,
రెండంతస్తులు దిగి,
నా ట్యూబులైటుకు వచ్చింది.

చంపలే.
ఇడిచి కూడ పెట్టలే, అబద్ధమెందుకు,
చాయ్ గ్లాసు బోర్లించి
సుద్దముక్కతోని నల్లబట్ట మీద
దాని పట్టీ గీసుకున్న.
గ్లాసు ఎత్తంగనే లేచిపోయింది.
అద్దానికి ఇంత పొడి,
వేలికంటింది. ఆ వేలితోనే
సూదిల దారమెక్కించిన.

శుక్రవారం షంసా వచ్చింది.
చెయ్యి అంచు మీద ఆ పట్టీ చూసి,
కొసకున్న పొట్టిముక్కను గోరుతోని తడిమి
ఎక్కడిదని అడిగింది.
అర్బాబ్ అప్పటికే రెండు రియాళ్ళు ఎక్కువ రాసిండు.

తోటకూరకు అరబ్బీల ఏమంటరో నాకు రాదు.
మేడ దిక్కు
చెయ్యి పైకెత్తి చూపిన.
ఆమె తలొంచి,
దేవుడు అనుకున్నది.