పొగ లాగని చుట్ట

సియెన్‌ఫ్యూగోస్‌లో మా చుట్టల కార్ఖానాలో
నూట పదిమందిమి చేతులతో పనిచేస్తాం,
ఒక్కడు మాత్రం నోటితో.
ఎత్తుపీట మీద లెయోకాదియో,
మెడలో కళ్ళజోడు తాడు, పక్కన మంచినీళ్ళ గ్లాసు.
పొద్దున వార్తాపత్రిక, అది ఎవరూ వినరు.
మధ్యాహ్నం నవల.

ఆ నెల నవల
వంతెన దగ్గర సుంకం వసూలుచేసే ఒకడి గురించి.
పన్నెండేళ్ళ కిందట వాడు గెంటేసిన తమ్ముడు
వానాకాలంలో తిరిగొస్తున్నాడు.
నదికి అటువైపు లాంతరు కనబడింది.
అంతే. ఆ లాంతరు కనబడటానికే నాలుగు రోజులు పట్టింది.

నా పని ఆకుకి ఈనె తియ్యడం.
ఈనె పోతేగాని ఆకు వంగదు, మాట వినదు.
లెయోకాదియో దానికి తలకిందులు.
ఈనెనే పట్టుకుని నడుస్తాడు:
ఇది జరిగింది, అందువల్ల అది జరిగింది.
"తర్వాత" అనేది పిల్లల మాట,
"అందువల్ల" అనేది కథల మాట, అంటాడు
నీళ్ళు గుటకవేస్తూ.

పదకొండో రోజుకి తమ్ముడు వంతెన దాటాడు.
సుంకం నాణెం బల్లమీద పెట్టాడు.
అన్న తీసుకున్నాడు, రసీదు రాసిచ్చాడు.
వెనక వరసలో సెనైదా చెయ్యి
ఒక్క క్షణం ఆగింది.
ఆకు మీద కత్తి, కత్తి మీద చూపుడువేలు.
మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.
ఇంకెవరూ చూడలేదు.

పందొమ్మిదో రోజు, గురువారం,
అన్నీ ఒకేచోటికి వచ్చి చేరాయి:
పొంగిన నది, తీరని అప్పు,
అమ్మ రాసి పంపని ఉత్తరం, గొళ్ళెం ఊడిన తలుపు.
దేనికది వదులు ముడే,
కలిసేసరికి పీటముడి.
కార్ఖానాలో దగ్గు కూడా వినబడలేదు.
పొగాకు దుమ్ములో దగ్గకుండా కూర్చోవడం
ఎంత కష్టమో మీకు తెలీదు.
ఉత్కంఠలో కంఠం ఊరికే లేదు,
నూట పది గొంతులు నిక్కి నిలబడ్డాయి.

"తమ్ముడు తలుపు మీద చెయ్యి వేశాడు"
అని చదివి, లెయోకాదియో
గడియారం చూశాడు. నాలుగు.
నేను తీసి పారేసిన ఈనె ఒకటి
గుర్తుగా పెట్టి పుస్తకం మూశాడు.

బాగా చదివితే కత్తుల్ని బల్లకేసి కొడతాం,
అవి మా చప్పట్లు.
ఆ రోజు నూట పది కత్తులు నేలమీద పడ్డాయి,
అది మా తిట్టు.
అతను కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వాడు.
అంతకన్నా పెద్ద మెచ్చుకోలు
అతనికెప్పుడూ దొరకలేదేమో.

ఆ రాత్రి మేస్త్రీ అర్కిమెదెస్ భార్య,
కార్ఖానా గడప తొక్కని మనిషి,
మొగుణ్ణి రెండుసార్లు లేపి అడిగిందట:
"పొడుస్తాడంటావా?"

శుక్రవారం తలుపు తెరుచుకుంది.
ఏం జరిగిందో చెప్పను,
మీరు అనుకున్నవాటిలో ఒకటే.
బల్లలు దద్దరిల్లాయి.
మిగిలిన రెండు అధ్యాయాలూ
వాన వెలిశాక చూరు కారినట్టు
సోమవారం దాకా కారాయి.
కథ కంచికి, మేం బస్సుకి.

బస్సులో సెనైదా కిటికీ వైపు తిరిగి అంది:
"తలుపు దగ్గర ఏముంది?
రసీదు రాసిచ్చాడు చూడు, సొంత తమ్ముడికి,
అక్కడ విరిగింది కథ.
ఆ చప్పుడు మీదాకా రావడానికి
ఇన్నాళ్ళు పట్టింది."
తన ఏడుపు ఆ రోజే
ఇంటికెళ్ళి, బియ్యం ఏరుకుంటూ, ఏడ్చేసిందట.

బుధవారం పరీక్ష బల్ల నుంచి
గురువారం చివరి గంట సరుకు వెనక్కొచ్చింది.
బిగుసుకుపోయిన చుట్టలు, గాలి ఆడదు, పొగ లాగవు.
మాకు తెలీకుండానే
మా చేతులు పిడికిళ్ళయ్యాయి కాబోలు.
అర్కిమెదెస్ పద్దు రాశాడు:
నూట నలభై రెండు, పనికిరానివి.
కారణం గడిలో ఏం రాయాలో తోచక కాసేపు చూసి
"వాన" అని రాశాడు.

ఆ కట్టల అడుగున
పాత తేదీది, పదకొండో రోజుది,
ఒక్కటే ఒక్క చుట్ట.
జేబులో వేసుకున్నాను.
ఎవరిదని
ఎవరూ అడగలేదు.