నాలుగో నియమం

లీలామహల్ సర్కిల్ దగ్గర జిరాక్సు కొట్టులో
పేజీ రూపాయి.
మా కాలేజీ పత్రికకి నాలుగు పేజీలు, మూడు నియమాలు:
చూసిందే రాస్తాం, విన్నది రాయం.
ప్రిన్సిపాలుకి ముందుగా చూపించం.
తప్పు రాస్తే, అదే చోట, అదే సైజు అక్షరాల్లో ఒప్పుకుంటాం.

ఆషాఢంలో మూడోది మా గొంతు పట్టుకుంది.
‘హాస్టలు బియ్యం మాయం’ అన్నాం,
వంటామె మునెమ్మ పేరు వేశాం.
చూసినవాడు ఒక్కడూ లేడు.
మూట స్టోరు రూములోనే దొరికింది,
విరిగిన మంచాల వెనక.

మాట ప్రకారం మొదటి పేజీలో క్షమాపణ.
వంటగదిలో నిలబడి హేమాద్రి చదివి వినిపించాడు.
ఆమె గంటె ఆపలేదు.
“బాగుండాది నాయనా.
పోయిన వారం చదివి, ఈ వారం చదవనోళ్ళకి
ఎవురు చెప్తారు?”

సాంబారు ఉడుకుతోంది.

ఆ రాత్రి గదిగదికీ తలుపు కొట్టాం,
నూట పద్నాలుగు గదులు.
కొందరు నిద్రకళ్ళతో తిట్టారు.
ఒకడు “ఏ మునెమ్మ?” అన్నాడు.

తెల్లారి ఆఫీసు గోడ మీద
(ఆఫీసంటే సైకిల్ స్టాండు పక్క కొట్టుగది)
మూడింటి కింద పెన్సిలుతో
హేమాద్రి నాలుగు అంకె వేసి, ఆగిపోయాడు.

ఇప్పటికీ అక్కడ అంకె ఒక్కటే ఉంది.
సంచిక అచ్చుకి పోయే ముందు
దాన్నే రెండుసార్లు చదువుకుంటాం.