ఒకటే పడవ

డండీలో ఏప్రిల్, ఇంకా చలే.
టోస్టు అంచులు కోసేశాను. నాలుగు ముక్కలు,
ఒకదానికొకటి తగలకుండా.

పోపు వేస్తే సాకేత్ చెవులు మూసుకుంటాడు.
వాసనకి చెవులెందుకురా అని మొదట్లో నవ్వాను.
ఇప్పుడు ఇంగువ డబ్బా కారు డిక్కీలో ఉంటుంది,
నా పప్పన్నం కూడా అక్కడే,
వానలో, అద్దాలు దించుకుని.

"ఆకలేస్తే వాడే తింటాడు," అంది అత్తయ్య ఫోన్లో.
రెండు రోజులు చూశాను.
మూడో రోజు వాడు నిలబడలేకపోయాడు.
ఇప్పుడు ఆ మాటంటే ఫోను పెట్టేస్తాను.

ఇవాళ నా ఉత్తన్నం కంచంలోంచి
ఒక మెతుకు తీశాడు.
పెదవికి ఆనించి
తిరిగి అక్కడే పెట్టాడు.

నేను చూడలేదు.
కిటికీలోంచి టే నది మీద పడవలు లెక్కపెడుతున్నాను.
ఉన్నది ఒకటే పడవ,
మళ్లీ మళ్లీ.