గేటు లేని కంపెనీ

కంపెనీ నడిచిన రోజుల్లో
మేనేజరు గదిలో, అద్దాల చట్రంలో, ఒక పటం ఉండేది.
పైన ఒక గడి, కింద మూడు, వాటి కింద పదకొండు.
గీతలన్నీ చూరు నీళ్లలా కిందికే జారేవి.
నా పేరు యాడుంది సార్ అంటే
"చట్రం అంచు కింద దాక్కోనుంటది లేమ్మా" అని నవ్వాడు.

తెల్లమచ్చ కొట్టిన ఏడు కంపెనీ మూతపడింది.
వేలంలో ఆ పటాన్ని ఎవరూ పాడుకోలేదు.
అద్దం నేను తెచ్చుకున్నా.
ఎండాకాలం దాని మీద మామిడి తాండ్ర పోస్తున్నా.

ఇప్పుడు నా ఆఫీసు
మైపాడు రోడ్డులో జిరాక్సు షాపు పక్కన
ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక ఫోను, ఒక లెక్కల పుస్తకం.
బోర్డు లేదు.
పెట్టినా దాని మీద ఏం రాయాలో తెలీదు.

రాత్రి పదకొండున్నరకి గంగపట్నం నుంచి వెంగయ్య:
"అక్కా, గుంటలో గాలి పడిపోతా ఉంది, రొయ్య పైకి తేలతా ఉంది,
తెల్లారేదాకా ఆగేట్టు లేదు, బిన్నా చూడు."
నేను ఆర్డరు వెయ్యను,
వెయ్యడానికి నా కింద ఎవరూ లేరు.
అడుగుతా.
ఖాజా, ఐసు ఎన్ని దిమ్మెలుండాయి?
పెంచలయ్యా, మీవాళ్లు పడుకున్నారా?
"పడుకున్నా లేస్తారులేమ్మా,
పోయినసారి కూలి పొద్దుగూకక ముందే ఇప్పించావు గదా."
లారీకి ఫోన్ చేస్తే సుభానీ అన్నాడు:
"వెంగయ్య నాకే ముందు చేశాడక్కా, కోవూరు దాటేశా."

రవ్వంత నొచ్చుకున్నా, అబద్ధమెందుకు.
తర్వాత తెలిసింది,
నా మీదుగా పోని గీతే గట్టి గీతని.

అందరూ దీన్ని వల అంటారు.
వల లాగే పెంచలయ్య మాత్రం ఒప్పుకోడు.
"వలయితే ఒకరు లాగాల, ఒకటి చావాల.
ఇది చేబదులమ్మా, తిరగతా ఉంటది."

ఇక్కడ ఉద్యోగం తీసెయ్యడం ఉండదు.
తూకంలో చెయ్యి పెట్టిన దశరథరామిని ఎవరూ ఒక్క మాటనలేదు.
ఆ రాత్రి నుంచి అతని ఫోను మోగలేదు, అంతే.
నెల తర్వాత అతనే నాకు చేశాడు,
"ఏం లేదమ్మా, ఫోను పనిచేస్తుందో లేదో చూద్దామని."

ఇంతవరకూ గొప్పగానే చెప్పుకున్నా.

తలలు గిల్లే షెడ్డులో శీనమ్మకి
రొయ్య కొమ్ము గుచ్చుకుని వేలు వాచింది.
చీము పట్టి, పదహారు రోజులు పని లేదు.
కుర్చీ ముందుకొచ్చి నిలబడింది, గుడ్డ చుట్టిన చెయ్యి పైకెత్తి:
"కంపెనీ ఉన్నప్పుడు కొట్టడానికి గేటన్నా ఉండేది.
ఇప్పుడు ఎవరిది కొట్టాలమ్మా,
ఐసాయనదా, లారీ ఆయనదా, నీ కుర్చీదా?"

గేటు లేని కంపెనీ బాగుందనుకున్నా ఇన్నాళ్లు.
లోపలున్నోళ్లకి బాగానే ఉంటది.

పుస్తకం మొత్తం తిరగేశా.
ఐసు దిమ్మెలకి పద్దుంది, డీజిలుకి ఉంది,
ఆమె పేరు ఏ పేజీలోనూ లేదు,
"షెడ్డు ఖర్చు" అని మాత్రం ఉంది,
నా చేతి రాతే.

ఆ రాత్రి తొమ్మిది నంబర్లకి చేశా.
దిమ్మెకి రూపాయి, ట్రిప్పుకి ఇరవై,
షెడ్డు ఆడోళ్ల చేతుల కోసం పక్కన పెడదామని.
ఏడుగురు సరేనన్నారు. ఖాజా ముందు తిట్టి తర్వాత సరేనన్నాడు.
ఇద్దరు "చూద్దాంలే" అన్నారు.

ఆ ఇద్దరికీ రేపు మళ్లీ చేస్తా.
వాళ్ల మీద నాకు అధికారం లేదు.
ఫోనులో ఛార్జింగు మాత్రం ఉంది.