చేదుకున్నది

డిసెంబరు ఇరవై. మార్క్వెట్ ఊళ్లో
నాలుగున్నరకే దీపాలు వేసేశారు.
సుపీరియర్ సరస్సు ఇంకా గడ్డకట్టలేదు,
ఒడ్డు మాత్రం పళ్లు పటపట కొరుకుతోంది.

ఐలీ నిస్కానెన్ బల్ల తుడిచి
గ్లాసు నా ముందుకు తోసింది.
"చెప్పు. బీరు నాది, ముక్కు నీది.
మొహమాటపడ్డావో, వచ్చే ఏడు నీకు మంచినీళ్లే."

మార్చిలో ఆమెకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ
వాసనలన్నీ మూటగట్టుకు పోయింది.
కాఫీ వేడినీళ్లయింది.
దేవదారు కొమ్మ ఒట్టి ముళ్లయింది.
మొగుడి చొక్కా, ఉతికినా ఉతక్కపోయినా, అదే గుడ్డ.
ఇరవై రెండేళ్లుగా పండగ పోర్టరు కాచిన మనిషి
ఈసారి పాత లెక్కపుస్తకం చూసుకుని,
మాల్ట్ నలిగే చప్పుడు చెవితో పట్టుకుని,
కాగు వేడి అరచేత్తో తడుముకుని కాచింది.

ముందు రంగు చెప్పాను.
నలుపనుకుంటాం గానీ నలుపు కాదు,
దీపానికి అడ్డం పెడితే అడుగున ఒక ఎరుపు,
ఆర్పేశామనుకుని పడుకున్న పొయ్యిలో లాగ.
"అది నాకూ కనిపిస్తోందిలే. ముందుకు పద."

నురుగు గోధుమరంగు. తొందర లేదు దానికి.
బల్ల చివర వైనో టెర్వో మీసాన్ని పట్టుకుని
ఎంత తుడిచినా దిగనంటోంది.

వాసన. మాడిన రొట్టె అంచు.
మాడిపోయింది కాదు ఐలీ,
మాడబోతుంటే ఎవరో పరుగెత్తుకొచ్చి తీసింది.
తర్వాత కాఫీ డబ్బా. లోపలి పొడి కాదు, మూత.
"ఎండుద్రాక్ష?" అని అడిగింది.
ప్రతి ఏడూ ఉండేది ఎండుద్రాక్ష.
అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.
మింగాను. దానికీ ఒక రుచి ఉంది.
"లేదు," అన్నాను.
ఆమె తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది.

అప్పుడు తాగాను.
మొదటి గుక్క మెత్తగా, కంబళి కప్పినట్టు దిగింది.
సరే పండగే కదా అనుకునేలోగా
నారింజ తొక్కని గోటితో గిచ్చినట్టయింది,
తడి దేవదారు దుంగ మీద రంపం పడ్డట్టయింది,
ఇక చేదు, చేదు,
గొంతులో గొళ్లెం పెట్టుకుని కూచుంది.
నిరుడు ఇదే పీపాలో బెల్లప్పాకం ఉండేది,
దాల్చినచెక్క ఉండేది,
ముసలాళ్లు నిద్రకు ముందు చప్పరించే నిదానం ఉండేది.
"ఇది పండగ బీరా, కషాయమా?" అని వైనో గొణిగాడు,
ముప్పై ఏళ్లు ఇనుపరాయి ఓడల్లో వంట చేసినవాడు,
గొణుగుతూనే రెండో గ్లాసుకి చెయ్యి చాపాడు.

"హాప్స్ ఎక్కువయ్యాయి ఐలీ."
"తెలుసు. రెండింతలు వేశాను.
ఆ రాత్రి మళ్లీ లేచొచ్చి ఇంకో గుప్పెడు."
గుడ్డ పక్కన పెట్టింది.
"అన్నీ పోయాయి గానీ చేదు పోలేదు నాకు.
నాలుక వెనకాల ఒక్క గదిలో మనుషులున్నారు.
తలుపు తీసేదాకా కొట్టాను, అంతే."

అంటుంటే ఆమె రెండు చేతులూ
తాడు లాగుతున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి.
తొమ్మిది నెలలుగా లోతున ఉన్న మనిషిని
చేదే చేదుకుంటోంది,
బారెడు, మరో బారెడు.

మాటల్లో పడి గ్లాసు నా అరచేతుల్లో వేడెక్కింది.
చిట్టచివరి గుక్కలో చేదు కాస్త పక్కకు జరిగి
వెనకున్నదాన్ని చూపించింది.
ఎండుద్రాక్ష. ఒక్కటే.
ఎవరి కోటు జేబులోనో పోయిన ఏడు మిగిలిపోయింది.

చెప్పాను. నమ్మలేదు.
గ్లాసు లాక్కుని అడుగున ఉన్నది తాగి
చాలాసేపు కళ్లు మూసుకుంది.
ఏమీ అనలేదు.
లెక్కపుస్తకం తెరిచి తేదీ కింద రాసింది:
"ఎండుద్రాక్ష, ఒకటి. చూసినవాళ్లు ఒకరు."

"వచ్చే ఏడు హాప్స్ తగ్గిస్తావా?"
"ముక్కు వస్తే."

వైనో మూడోది అడిగాడు.