రికార్డుకెక్కనిది

ఇరవై ఒకటా, పంతొమ్మిదా?
పొద్దుటి నుంచీ ఈ రెండంకెల మధ్య
మంచు బూట్లతో తిరుగుతోంది మాడిసన్ చట్టసభ.
నా పని తీర్పు చెప్పడం కాదు, టైపు కొట్టడం.
నిమిషానికి రెండొందల ఇరవై మాటలు.

బారు నడిపే ఆర్విడ్ టోలెఫ్సన్ లేచాడు:
"నా దగ్గర తాగితే నా కళ్ళముందుంటారు.
తరిమారా, మొక్కజొన్న చేలల్లో తాగుతారు.
అక్కడ 'ఇక చాల్లే, ఇంటికి పో' అనేవాడెవడు?"
కొట్టాను.

నర్సు మార్లిస్ కాగితాలేవీ తేలేదు.
బల్లమీద ఒక కత్తెర పెట్టింది,
ఒంటికి అతుక్కున్న జీన్సు కోసేది.
"ఆదివారం పొద్దుటికి మొద్దుబారిపోతుంది" అంది, కూర్చుంది.
కత్తెరని ఎలా కొట్టాలో తెలియక
మాటలు మాత్రమే కొట్టాను.

యూనిఫారం కుర్రాడొకడు
"తుపాకీ ఇచ్చేటప్పుడు నా వయసడిగారా?" అని ఆగి,
"అడిగార్లెండి" అన్నాడు.
నవ్వులు, అని కొట్టాను.

ఎనభై రెండులో మా ఇల్లినాయ్‌లో ఇరవై ఒకటి,
గీత దాటి ఇటొస్తే పద్దెనిమిది.
నలభై నిమిషాల దారి.
వెళ్ళేటప్పుడు స్టీరింగు ట్రూడీది.
వచ్చేటప్పుడు నాది:
ఒక గ్లాసు తక్కువ తాగినదాన్నని
వాదించి మరీ తాళాలు లాక్కున్నాను.
తెల్లారగట్ల ఆ గీత ఎక్కడుందో కనిపించలేదు.
కల్వర్టు కనిపించింది.

ఓటు ఎటు పడినా
ట్రూడీకి పంతొమ్మిదే.

"ఇంకెవరైనా మాట్లాడతారా?"
ఛైర్మన్ గదంతా చూశాడు, నావైపు తప్ప.
ఈ మిషన్లో మౌనానికి మీట లేదు.
వేళ్ళు కాసేపు ఊరికే ఆనుకుని ఉన్నాయి.
తర్వాత కొట్టాను:
ఎవరూ లేరు.